పొరల ఉక్కు సాగగొట్టడానికి ఏ మెషిన్ తీసుకోవాలి: ప్రెస్సా, పవర్ హామరా, రోలింగ్ మిల్లా?

కొత్తకొలిమి_నంద్యాల:

అందరికీ నమస్కారం. ఇంటి వెనక రేకుల షెడ్డులో గ్యాస్ కొలిమి పెట్టుకుని వంటింటి కత్తులు చేస్తున్నాను. ఇప్పటిదాకా అంతా ఒకే రకం స్ప్రింగ్ ఉక్కుతోనే. ఇప్పుడు అందరూ డమాస్కస్ అని పిలిచే పొరల ఉక్కు మీద మనసు పడింది.

దిమ్మ ఇలా కడుతున్నాను: 3 మి.మీ. మందం ఉన్న హై కార్బన్ రేకులు 7, వాటి మధ్యలో 1.5 మి.మీ. 15ఎన్20 (నికెల్ కలిసిన ఉక్కు) రేకులు 6. వెడల్పు 40, పొడవు 150, మొత్తం మందం 30 మి.మీ. బరువు సుమారు 1.4 కిలోలు. వెలిగారం వేసి అతుకు పెడితే బాగానే పడుతోంది. చిక్కంతా ఆ తర్వాతే. దీన్ని 12 మి.మీ. మందానికి సాగగొడితే 370 మి.మీ. పొడవు రావాలి. అప్పుడు నాలుగు ముక్కలు కోసి, పేర్చి, మళ్లీ అతికితే 52 పొరలు. ఇంకోసారి చేస్తే 208. చేతి సుత్తితో ఒక్క వేడికి వేలి కణుపంత కూడా సాగడం లేదు. గ్యాస్ అయిపోతోంది, భుజం పట్టేస్తోంది, వేడి పెట్టిన ప్రతిసారీ పొలుసు రాలి ఉక్కు తరిగిపోతోంది.

మెషిన్ తీసుకుందామని నిర్ణయించుకున్నాను. బడ్జెట్ రెండు లక్షల లోపు. కరెంటు సింగిల్ ఫేజ్. పక్కింటి గోడ షెడ్డుకి పది అడుగుల దూరంలో ఉంటుంది, ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు. వాడినవాళ్లు దయచేసి చెప్పండి.

దాగలి_చప్పుడు:

తమ్ముడూ, మాది నిజామాబాద్ వైపు, తాతల నాటి నుంచి కమ్మరి పని. నా ఓటు హామర్‌కే. పట్టా స్ప్రింగ్‌తో నడిచే హామర్ మీద గొడ్డళ్లు, గునపాలు, నాగటి కర్రులు చేస్తూ పెరిగాను.

హామర్ గొప్పతనం వేగంలో ఉంది. దెబ్బ పడిన క్షణంలోనే పైకి లేస్తుంది కాబట్టి డైకి (ఉక్కుని తాకే దిమ్మెకి) ఉక్కులోని వేడిని లాక్కునే సమయం ఉండదు. పైగా దెబ్బకే కొంత వేడి పుడుతుంది. ఒక్క వేడిలో చాలాసేపు కొట్టుకోవచ్చు. నువ్వు చెప్పిన దిమ్మ 25 కిలోల హామర్ కింద రెండు మూడు వేడిల్లో 12 మి.మీ.కి దిగిపోతుంది.

కొనేటప్పుడు పైన ఆడే దిమ్మె బరువొక్కటే చూడొద్దు. కింద దాగలి బరువు దానికి కనీసం పది రెట్లు ఉండాలి, పదిహేను రెట్లుంటే ఇంకా మంచిది. 25 కిలోల హామర్‌కి 250 నుంచి 375 కిలోల దాగలి. అది తక్కువైతే దెబ్బ నేలలోకి పోతుంది, ఉక్కులోకి కాదు. చాలా లోకల్ మెషిన్లలో కక్కుర్తి పడేది ఇక్కడే.

మెటలర్జీ_టీచర్:

దాగలి_చప్పుడు గారు చెప్పిన వేడి సంగతి నిజం. నేను ఇంకో వైపు నుంచి చెబుతాను.

1100 డిగ్రీల దగ్గర హై కార్బన్ ఉక్కు సాగడానికి చదరపు మిల్లీమీటరుకి సుమారు 6 నుంచి 8 కిలోల ఒత్తిడి కావాలి. 900కి దిగేసరికి అది దాదాపు రెట్టింపవుతుంది. ఇప్పుడు 20 టన్నుల ప్రెస్ తీసుకోండి. 50 మి.మీ. చదును డై కింద 40 మి.మీ. వెడల్పు దిమ్మ పెడితే తగిలే వైశాల్యం 2000 చదరపు మి.మీ. అంటే చదరపు మి.మీ.కి 10 కిలోలు. కాస్త చల్లారగానే కదలదు. అదే ప్రెస్‌కి 20 మి.మీ. డై పెడితే వైశాల్యం 800. ఒత్తిడి 25 కిలోలు. టన్నులు పెంచడం కన్నా డై సన్నం చేయడం చాలా చౌక.

సన్నటి డైతో ఇంకో లాభం. లోహం ఎప్పుడూ దగ్గరి దారిలో జరుగుతుంది. డై సన్నగా ఉంటే పొడవు వైపే ఎక్కువగా పారుతుంది, వెడల్పు పెద్దగా పెరగదు. మీకు కావాల్సింది అదే కదా.

పొరల ఉక్కు విషయంలో ముఖ్యమైనది మరొకటి ఉంది. మందపాటి దిమ్మ మీద తేలికపాటి హామర్ కొడితే పైపైన ఉన్న లోహమే సాగుతుంది, నడుమ ఉన్నది అక్కడే ఉండిపోతుంది. చివర్లు చేప నోరులా లోపలికి గుంట పడతాయి. మామూలు కడ్డీకి దాంతో పెద్ద నష్టం లేదు, కోసి పారేస్తారు. పొరల దిమ్మలో అతుకు విడిపోవడం మొదలయ్యేది సరిగ్గా ఆ గుంటలోనే. ప్రెస్ నెమ్మదిగా నొక్కుతుంది కాబట్టి ఒత్తిడి నడుమ దాకా చేరుతుంది, చివర్లు ఉబ్బి బయటికి వస్తాయి. అందుకే మొదటి అతుకుకీ, మొదటి సాగుకీ ప్రెస్ మేలని నా అభిప్రాయం.

కొత్తకొలిమి_నంద్యాల:

మేడమ్, చాలా థాంక్స్. నా చివర్లు ఎందుకు విడిపోతున్నాయో ఇప్పుడు అర్థమైంది. చేతి సుత్తి అంటే తేలిక హామరే కదా. ఒక సందేహం. బజారులో 20 టన్నుల షాప్ ప్రెస్‌లు, బాటిల్ జాక్‌తో పనిచేసేవి, చౌకగా దొరుకుతున్నాయి. వాటితో సరిపెట్టుకోవచ్చా?

ఒహాయో_కత్తులు:

వద్దు. చేత్తో పంప్ చేసేలోపు దిమ్మ నల్లబడుతుంది. ఆ టన్నులు బేరింగులు దింపడానికి పనికొస్తాయి, వేడి ఉక్కుకి కాదు.

బెజవాడ_ఫిట్టర్:

హైడ్రాలిక్స్ నా రోజువారీ పని, అందుకని కాస్త వివరంగా రాస్తాను. చదివేవాళ్లు ఓపిక పట్టాలి.

ప్రెస్ అనగానే అందరూ టన్నులు అడుగుతారు. కొలిమి పనికి అడగాల్సినవి రెండు: ఎన్ని టన్నులు, సెకనుకి ఎన్ని మిల్లీమీటర్లు. రెండూ కలిస్తేనే మోటారు సైజు తేలుతుంది.

125 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్, 160 బార్ ఒత్తిడి అనుకుందాం. 20 టన్నులు వస్తాయి. నిమిషానికి 20 లీటర్ల పంపు పెడితే ర్యామ్ (సిలిండర్ నుంచి దిగి నొక్కే భాగం) సెకనుకి 27 మి.మీ. దిగుతుంది. హాయిగా ఉంటుంది. కానీ దాన్ని ఫుల్ ప్రెషర్‌లో తిప్పడానికి ఎనిమిది హెచ్‌పీ పైనే కావాలి. సింగిల్ ఫేజ్ మీద అది కుదరదు.

సింగిల్ ఫేజ్ మీద నమ్మకంగా నడిచేది 3 హెచ్‌పీ మోటారు. దాంతో 160 బార్ దగ్గర నిమిషానికి 7 లీటర్లే వస్తాయి. 125 బోర్‌కి అది సెకనుకి 9.5 మి.మీ. ఇక్కడే తమ్ముడికి నా సలహా: సిలిండర్ తగ్గించుకోండి. 100 బోర్ తీసుకుంటే అదే మోటారుకి, అదే పంపుకి సెకనుకి 15 మి.మీ. వస్తుంది. టన్నులు పన్నెండున్నరకి పడతాయి. మేడమ్ చెప్పిన లెక్కలో 800 చదరపు మి.మీ. మీద పెడితే చదరపు మి.మీ.కి పదిహేను కిలోల పైనే. 40 మి.మీ. వెడల్పు దిమ్మకి అది చాలు. వేడిగా ఉన్న ఉక్కు మీద 12 టన్నులు, చల్లారిన ఉక్కు మీద 20 టన్నుల కన్నా మేలు.

ఇంకా బాగుండాలంటే హై-లో పంపు. డై దిమ్మని తాకేదాకా రెండు పంపులూ కలిసి ఆయిల్ తోస్తాయి, ర్యామ్ చకచకా దిగుతుంది. తాకి ప్రెషర్ పెరగగానే పెద్ద పంపు పక్కకి తప్పుకుని చిన్నదే నొక్కుతుంది. విదేశాల్లో కట్టెలు చీల్చే మెషిన్లలో ఇది మామూలే. మన దగ్గర రెండు గేర్ పంపులు వరసగా ఉన్న సెట్టు, ఒక అన్‌లోడర్ వాల్వ్ పెట్టి కట్టించుకోవాలి.

సిలిండర్ కోసం కొత్తది కొనక్కర్లేదు. పాత జేసీబీ సిలిండర్లు ఆటోనగర్లలో దొరుకుతాయి. కొనే ముందు రాడ్ మీద గీతలున్నాయేమో గోరుతో తడిమి చూడండి, గోరు ఆగితే వదిలేయండి. సీల్ కిట్ ఎలాగూ మార్పించాలి. వాల్వ్ మాత్రం ట్రాక్టర్ లోడర్లకి వాడే మోనోబ్లాక్ రకం, చెయ్యి వదలగానే నడిమికి వచ్చేసేది తీసుకోండి.

దాగలి_చప్పుడు:

ఫిట్టర్ అన్నా, లెక్క బాగుంది. కానీ ప్రెస్ డై దిమ్మ మీద నిలిచినంతసేపూ వేడి తాగుతూనే ఉంటుంది. మందం 15 మి.మీ. కిందికి దిగాక చూడండి, రెండు నొక్కుళ్లకే ఎరుపు చచ్చిపోతుంది. అక్కడ హామర్‌కి సాటి లేదు. ప్రెస్‌తో కత్తి మందం దాకా దించాలంటే వేడి మీద వేడి పెట్టాలి, పొలుసు మళ్లీ మళ్లీ రాలుతుంది.

ఒహాయో_కత్తులు:

అన్నా, ఈ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నా షెడ్డులో ప్రెస్ ఉంది, చిన్న రోలింగ్ మిల్లు కూడా ఉంది. ఈ రెండింటి జోడీ గురించి చెబుతాను.

మా వైపు ఇళ్లలో కత్తులు చేసేవాళ్లు చాలామంది ఆస్ట్రేలియాకి చెందిన హ్యూ మెక్‌డొనాల్డ్ డిజైన్ ఆధారంగా మిల్లు కట్టుకుంటారు. ఒక రోలర్‌ని మోటారు తిప్పుతుంది, రెండోదాన్ని కాలి పెడల్‌తో దగ్గరికి నొక్కుతాం. కడ్డీని రోలర్లు తమంతట తామే లాక్కుంటాయి. ఒక్క వేడిలో ఐదారు పాస్‌లు పడతాయి, చివరికి వచ్చే కడ్డీ మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంతో ఉంటుంది. పొరల ఉక్కులో ఇది పెద్ద విషయం. సుత్తి దెబ్బల గుంటలు ఉంటే వాటిని గ్రైండ్ చేసి చదును చేయాలి. గ్రైండ్ చేసినచోట పొరలు తెగి డిజైన్ మారిపోతుంది. మిల్లు మీద దించిన కడ్డీలో డిజైన్ మీరు ఎలా అనుకున్నారో అలాగే ఉంటుంది.

కానీ మిల్లు ఒక్కటే కొనుక్కుంటే పని జరగదు. మందపాటి దిమ్మని అది పట్టుకోలేదు, రోలర్లు జారిపోతాయి. 75 మి.మీ. వ్యాసం రోలర్లతో పాస్‌కి మహా అయితే మూడు మి.మీ. దిగుతుంది. మొదటి అతుకు దాని మీద వేయలేం. కాబట్టి నా వరస: ముందు ప్రెస్, డబ్బులు కూడాక మిల్లు.

హామర్‌ని తక్కువ చేయడం లేదు. చైనా కంపెనీ ఆన్యాంగ్ వాళ్ల హామర్లు, 15 కిలోలది, 25 కిలోలది, ఇక్కడ చాలా షెడ్లలో ఉన్నాయి. జాగా, పునాది, త్రీ ఫేజ్ ఉంటే నేనూ కొంటాను. నంద్యాల తమ్ముడికి ఈ మూడూ లేవు, పక్కింట్లో పెద్దవాళ్లు ఉన్నారు. పగలంతా హామర్ శబ్దం, నేల అదురు వాళ్లు ఎందుకు భరించాలి? ప్రెస్ అయితే మోటారు హోరు తప్ప ఏమీ ఉండదు.

గోదారి_గట్టు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మన తెలంగాణలోని కోనసముద్రం ఊళ్లో పూర్వం చేసి పర్షియా దాకా పంపిన ఉక్కు కూడా ఈ పొరల ఉక్కేనా? దానికి అప్పట్లో ఏ మెషిన్లూ లేవు కదా, చేత్తోనే సాగగొట్టారు.

మెటలర్జీ_టీచర్:

మంచి ప్రశ్న, మెషిన్ ఎంపికకీ దీనికీ సంబంధం ఉంది. కోనసముద్రం ఉక్కు మూసల్లో కరిగించి చేసినది. అందులో కనిపించే నీటి అలల డిజైన్ రెండు రేకులు అతికితే వచ్చింది కాదు. కార్బైడ్ రేణువులు వరసలు కట్టడం వల్ల లోపలి నుంచి పుట్టింది. దాన్ని ఎక్కువ వేడి చేస్తే ఆ కార్బైడ్లు కరిగిపోయి డిజైన్ మాయమవుతుంది. అందుకే తక్కువ వేడిలో, చిన్న చిన్న దెబ్బలతో, ఓపికగా సాగగొట్టాలి. బలంగా నొక్కితే పగులుతుంది కూడా.

అతికిన పొరల ఉక్కుది దీనికి పూర్తిగా తలకిందుల వ్యవహారం. వేడి ఎక్కువ ఉండాలి, మొదట్లో ముఖ్యంగా పసుపు రంగు దిగకముందే ఆపాలి. నారింజ నుంచి ఎరుపులోకి వచ్చాక కూడా నొక్కుతూ పోతే అతుకు మీద కోత ఒత్తిడి పడి పొర విడుతుంది. మెరుపు రవ్వలు చిమ్మేంత వేడి చేసినా ఉక్కు మాడిపోతుంది, అది మళ్లీ బాగుపడదు.

చేత్తో అన్న మాటకి వస్తే, ఇంగ్లండ్‌లోని సట్టన్ హూలో దొరికిన ఏడో శతాబ్దపు కత్తి అతికిన కడ్డీలతో చేసిందే. అప్పుడు పని జరిగింది సమ్మెట వేసే మనుషులతో. ఒక్కడే పనిచేసే షెడ్డులో ఆ మనిషి స్థానాన్నే మెషిన్‌తో భర్తీ చేస్తున్నాం.

దాగలి_చప్పుడు:

మేడమ్ సమ్మెట సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నా. తమ్ముడూ, మెషిన్ వచ్చేదాకా ఖాళీగా ఉండకు. నాలుగు కిలోల సమ్మెట వేసే మనిషి ఒక్కడు దొరికితే పని మూడింతలు సాగుతుంది. పటకారు నీ చేతిలో, సమ్మెట వాడి చేతిలో. నువ్వు చిన్న సుత్తితో చోటు చూపించాలి, వాడు అక్కడే వేయాలి. దాగలి అంచుకి బదులు కింద ఒక గుండ్రటి కడ్డీ వెల్డ్ చేసిన దిమ్మె పెట్టుకుంటే ఇంకా త్వరగా సాగుతుంది.

దాగలి కోసం రైలు పట్టా ముక్క ఎవరైనా తెచ్చిస్తానంటే స్క్రాప్ వేలం బిల్లు అడుగు. రైల్వే ఆస్తి దగ్గర పెట్టుకోవడం మీద 1966 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది, బిల్లు లేకపోతే చిక్కుల్లో పడతావు.

ఇంకొక్క మాట, మెషిన్ ఏదైనా సరే. పొరలు నిలువుగా ఉండేలా తిప్పి అంచు మీద నొక్కడం మొదట్లోనే చేయొద్దు. వెడల్పు సరిచేయడానికి తిప్పక తప్పదు, కానీ వేడి నిండుగా ఉన్నప్పుడు, మెల్లగా. చదరం కాస్తా ఐమూలకి వాలి సమాంతర చతుర్భుజం అయిందనుకో, దాన్ని మూలల మీద కొట్టి సరిచేస్తే అతుకులు కచ్చితంగా విడతాయి. అలా వాలడం మొదలవగానే ఆపి, పసుపు రంగు దాకా మళ్లీ వేడి పెట్టుకో.

కొత్తకొలిమి_నంద్యాల:

పెద్దలందరికీ నమస్కారాలు. ఇంత వివరం నాకు ఎక్కడా దొరకలేదు. నా నిర్ణయం: 100 బోర్ సిలిండర్, 3 హెచ్‌పీ మోటారు, హై-లో పంపు, హెచ్ ఫ్రేమ్. ఇక్కడి వెల్డింగ్ షాపతను ఫ్రేమ్ కట్టిస్తానన్నాడు. రెండు ప్రశ్నలు మిగిలాయి. సిలిండర్ పైన పెట్టాలా, కింద పెట్టాలా? డైలు ఏ ఉక్కుతో చేయించాలి?

బెజవాడ_ఫిట్టర్:

పైన పెట్టండి. కింద పెడితే రాలిన పొలుసంతా రాడ్ సీల్ మీదే పడి దాన్ని కోసేస్తుంది. పైన పెట్టినప్పుడు ఉన్న ప్రమాదం వేరు: గొట్టం చిట్లితే ఆయిల్ ఎర్రటి దిమ్మ మీద చిమ్ముతుంది, భగ్గుమంటుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, అందరూ దాటేసే విషయం కాబట్టి చెబుతున్నాను. గొట్టాలు ఫ్రేమ్ వెనక నుంచి రావాలి, వాటికీ మీకూ మధ్య ఇనుప రేకు అడ్డు ఉండాలి. మంటని తట్టుకునే తొడుగు గొట్టాల మీద వేయించండి. ఆయిల్ ట్యాంకు కొలిమికి దూరంగా, మోటార్ స్విచ్ చేతికి అందేంత దగ్గరగా ఉండాలి. పొడి పౌడర్ ఫైర్ సిలిండర్ గుమ్మం దగ్గర పెట్టుకోండి, ప్రెస్ వెనక కాదు.

గొట్టంలో సన్నటి లీకు కనిపిస్తే చేత్తో తడిమి వెతకొద్దు. 160 బార్ దగ్గర ఆ సన్నటి ధార చర్మం లోపలికి దూరిపోతుంది. పైకి సూదిగుచ్చినట్టు ఉంటుంది, లోపల చెయ్యి పోతుంది. మోటారు ఆపి, ప్రెషర్ వదిలేసి, అట్టముక్క పెట్టి చూడాలి. ఒత్తిడి హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వ్‌ని గేజ్ చూసి 160 దగ్గర సెట్ చేశాక మళ్లీ దాని జోలికి వెళ్లకండి. మన ఎండలకి 68 గ్రేడ్ ఆయిల్ వేయండి.

ఒహాయో_కత్తులు:

డైల సంగతి నేను చెబుతాను. ఈఎన్ 19 బాగా పనిచేస్తుంది, డబ్బులుంటే హెచ్13 ఇంకా మంచిది, వేడికి మెత్తబడదు. రెండు జతలు చేయించండి. ఒకటి 20 మి.మీ. వెడల్పు ఉండే సాగుడు జత, పైభాగం కాస్త గుండ్రంగా, అంచులు బాగా మొద్దుగా. రెండోది 60 మి.మీ. వెడల్పు చదును జత, మొదటి అతుకు పెట్టడానికీ చివర్లో చదును చేయడానికీ. డైలు పిన్నుతో ఊడి వచ్చేలా ఉండాలి, ఒకే వేడిలో మార్చుకోగలిగితే ఆ హాయే వేరు.

సాగుడు డైతో ఒక్క నొక్కుకి ఐదారు మి.మీ. మించి దిగకండి. ప్రతి నొక్కూ ముందుదాని మీద సగం ఎక్కేలా జరపండి. లోతుగా దిగి దూరంగా జరిపితే మధ్యలో మిట్టలు మిగులుతాయి. తర్వాత చదును డై వాటిని మడతపెట్టి లోపలికి నొక్కేస్తుంది. ఆ మడత కత్తి పాలిష్ చేసేదాకా కనిపించదు.

డైల పక్కన 12 మి.మీ. స్టాపర్ ముక్కలు పెట్టుకోండి. ర్యామ్ అక్కడికి వచ్చి ఆగిపోతుంది, కడ్డీ అంతా ఒకే మందంలో వస్తుంది, నాలుగు ముక్కలూ పేర్చినప్పుడు మధ్యలో సందులు ఉండవు. మిల్లు లేని లోటు సగం తీరుతుంది.

దాగలి_చప్పుడు:

నాకిప్పటికీ హామరే ఇష్టం, కానీ తమ్ముడి ఇంటికి ప్రెస్సే సరైంది, ఒప్పుకుంటున్నాను. 12 మి.మీ. తర్వాత కత్తి మందానికి దించే పని మాత్రం చేతి సుత్తితోనే చెయ్యి తమ్ముడూ. అక్కడ లోహం తక్కువ, సాగేదీ తక్కువ, చేతికి వచ్చే అంచనా ప్రెస్ లివర్‌కి రాదు.

కొత్తకొలిమి_నంద్యాల:

అలాగే అన్నా. ఇంకో చిన్న సందేహం. ఇక్కడి కలప మిల్లులో పాత బ్యాండ్ సా బ్లేడ్లు చవగ్గా ఇస్తామంటున్నారు. 15ఎన్20 బదులు అవి వాడొచ్చా?

మెటలర్జీ_టీచర్:

కొన్నింటిలో నికెల్ ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. చూసి చెప్పలేం. ఒక ముక్కనీ, మీ హై కార్బన్ రేకు ముక్కనీ మెరిసేలా రుద్ది, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్‌ని నీళ్లలో పలచగా కలిపి అందులో పక్కపక్కన ముంచండి. కొన్ని నిమిషాల తర్వాత మీ రేకు నల్లబడి, బ్లేడు ముక్క వెండిలా తెల్లగా ఉంటే నికెల్ ఉన్నట్టే. రెండూ ఒకేలా నల్లబడితే ఆ బ్లేడ్లు తీసుకోకండి, ఎన్ని పొరలు వేసినా డిజైన్ సరిగ్గా కనిపించదు. ముంచే ముందు చేతికి గ్లవుజులు వేసుకోండి. తీశాక వంటసోడా కలిపిన నీళ్లలో కడగండి.